సర్వరు ఇమేజి అంటే ఏమిటి? ఎలా ఎంచుకోవాలి?

సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ మేడమ్ అడిగినప్పుడు మొదట కవిత రాద్దామనుకున్నాను. కానీ అమ్మ మీద, హాస్టల్ జీవితం మీద కవితలు ప్రతి ఏటా చాలానే వస్తాయి (అందులో రెండు నావే). అందుకని ఈసారి ఎం.సి.ఏ.లో నేను నేర్చుకున్న ఒక పాఠం రాస్తున్నాను. ఇంట్లో కంప్యూటరు లేనివాళ్లకు కూడా అర్థమయ్యేలా రాయాలని ప్రయత్నించాను. డిగ్రీలో చేరేవరకు నేనూ కీబోర్డు ముట్టుకున్నదాన్ని కాదు.

క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండేది కాదు. పెద్ద పెద్ద భవనాల్లో వరుసగా పేర్చిన కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకు ఇవ్వడమే క్లౌడ్. అమెజాన్ కంపెనీ 2006లో ఇ.సి.2 అనే పేరుతో ఈ పద్ధతి మొదలుపెట్టింది. తర్వాత మైక్రోసాఫ్ట్, గూగుల్ కూడా వచ్చాయి. అమెజాన్ కేంద్రాలు మన దేశంలో 2016లో ముంబైలో, 2022లో హైదరాబాద్‌లో ప్రారంభమయ్యాయి. అలా అద్దెకు తీసుకున్న కంప్యూటరునే సర్వరు అంటున్నాం.

అద్దె ఇల్లు ఖాళీగా ఇచ్చినట్టే సర్వరుకిచ్చే డిస్కు కూడా మొదట ఖాళీదే. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి, దాని మీద మనకు కావలసిన సాఫ్ట్‌వేరు ఉండాలి. ప్రతిసారీ ఇవన్నీ మొదటి నుంచి ఎక్కించాలంటే గంటలు పడుతుంది. అందుకని ఒకసారి అన్నీ అమర్చిన డిస్కును ఉన్నదున్నట్టు నకలు తీసి దాచి ఉంచుతారు. ఆ నకలే సర్వరు ఇమేజి. అమెజాన్‌లో దీన్ని అమెజాన్ మెషీన్ ఇమేజి, పొట్టిగా ఎ.ఎం.ఐ. అంటారు. మనం ఒక ఇమేజిని ఎంచుకుని బటన్ నొక్కితే, ఒకటి రెండు నిమిషాల్లో దాని నుంచి కొత్త డిస్కు తయారై సర్వరు లేస్తుంది. అదే ఇమేజి నుంచి ఒక సర్వరైనా, వంద సర్వర్లైనా తీయవచ్చు.

మా నాన్న ఇటుక బట్టీలో పని చేస్తారు. ఈ పాఠం మా సార్ చెబుతుంటే నాకు బట్టీలోని అచ్చు గుర్తుకొచ్చింది. అచ్చులో ఒక మూల అరిగిపోతే, ఆ రోజు కోసిన వెయ్యి ఇటుకలకూ అదే మూల అరిగి వస్తుంది. ఇమేజిలో తప్పు ఉంటే దాని నుంచి పుట్టిన ప్రతి సర్వరులోనూ ఆ తప్పు ఉంటుంది. ఇంకొక పోలిక కూడా ఉంది. అచ్చును తర్వాత బాగుచేసినా, ముందే కోసిన ఇటుకలు బాగుపడవు. అలాగే కంపెనీవాళ్లు ఇమేజిని కొత్తది చేసినంత మాత్రాన ఇప్పటికే నడుస్తున్న మన సర్వరు మారదు. దాన్ని మనమే అప్‌డేట్ చేసుకోవాలి, లేదా కొత్త ఇమేజి నుంచి మళ్లీ సర్వరు తీయాలి. చాలామంది విద్యార్థులు పొరబడేది ఇక్కడే.

ఇక ఎంచుకోవడం సంగతి. ముందుగా ప్రాసెసరు రకం చూడాలి. ఇంటెల్, ఎ.ఎం.డి. ప్రాసెసర్లది ఎక్స్86 రకం. మన ఫోన్లలో ఉండేవి ఆర్మ్ రకం. అమెజాన్ సొంతంగా తయారుచేసుకున్న గ్రావిటాన్ ప్రాసెసరు కూడా ఆర్మే, దాని అద్దె సాధారణంగా తక్కువ. ఒక రకానికి చేసిన ఇమేజి రెండో రకం మీద లేవదు. రెండవది ప్రాంతం. ముంబైలో ఉన్న ఇమేజి నంబరు హైదరాబాద్‌లో పని చేయదు. అక్కడికి కాపీ చేస్తే అక్కడ దానికి కొత్త నంబరు వస్తుంది. విండోస్ ఇమేజి తీసుకుంటే లైసెన్సు ధర గంట అద్దెలోనే కలిసిపోతుంది, డిస్కు కూడా పెద్దది కావాలి. వెబ్‌సైటు పెట్టుకోవడానికి లినక్స్ చాలు.

గడువు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఒక చివరి తేదీ ఉంటుంది. ఆ తర్వాత భద్రతా లోపాలు బయటపడినా సరిచేసేవారుండరు. సెంటాస్ 8 ఉదంతం దీనికి మంచి ఉదాహరణ. అది 2029 వరకు ఉంటుందని నమ్మి ఎన్నో కాలేజీలు, కంపెనీలు దానిమీద సర్వర్లు పెట్టుకున్నాయి. 2020 డిసెంబరులో ఉన్నట్టుండి ఒక ప్రకటన వచ్చింది. 2021 డిసెంబరు 31తో దాని కాలం ముగిసింది. సెంటాస్ 7 కూడా 2024 జూన్ 30తో ఆగిపోయింది. ఆ ఖాళీని పూరించడానికే ఆల్మా లినక్స్, రాకీ లినక్స్ వచ్చాయి. పుస్తకాల్లో, పాత వీడియోల్లో ఇప్పటికీ సెంటాస్ 7 పాఠాలే కనిపిస్తాయి. వాటిని చూసి అదే ఇమేజి కోసం వెతకకండి. ఉబుంటులో ఎల్.టి.ఎస్. అని రాసి ఉన్నవాటికి విడుదలైన నాటి నుంచి 5 సంవత్సరాలు మామూలు మద్దతు ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా ఇమేజిని ఎవరు తయారుచేశారన్నది చూడాలి. దీన్ని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు.

2024లో పూర్వ విద్యార్థినులం పది మందిమి నెలకు వంద రూపాయల చొప్పున వేసుకుని మన హాస్టల్ కోసం చిన్న వెబ్‌సైటు మొదలుపెట్టాం. పాత ప్రశ్నపత్రాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తుల గడువులు అందులో ఉంచాలని. గడువు దగ్గరపడగానే మెసేజి పంపడానికి 61 మంది చెల్లెళ్ల పేర్లు, ఫోను నంబర్లు కూడా తీసుకున్నాం. సర్వరు బాధ్యత నాకు అప్పగించారు. ఇమేజిల జాబితాలో వెతికితే, అపాచి, పి.హెచ్.పి., మైఎస్‌క్యూఎల్ అన్నీ సిద్ధంగా ఉన్నది ఒకటి ఉచితంగా కనిపించింది. రెండు రోజుల పని తప్పింది కదా అని సంతోషించాను. తయారుచేసినవారి పేరు చోట ఒక అంకెల వరుస మాత్రమే ఉంది. అది ఎవరిదో నేను చూడలేదు.

19 రోజుల తర్వాత మా ల్యాబ్ మేడమ్‌కు గర్వంగా చూపించాను. ఆవిడ వెబ్‌సైటు చూడలేదు. 'ఆథరైజ్డ్ కీస్' అనే ఫైలు తెరవమన్నారు. ఏ తాళంచెవికి తలుపు తెరవాలో సర్వరు రాసిపెట్టుకునే చిట్టా అది. అందులో ఒక్క వరుసే ఉండాలి, నాది. రెండు ఉన్నాయి.

రెండో తాళంచెవి ఇమేజి తయారుచేసినవాళ్లది. మరచిపోయి వదిలేశారో, కావాలని పెట్టారో తెలియదు. ఎవరైనా లోపలికి వచ్చారా అని లాగ్‌లు చూశాను, ఏమీ కనిపించలేదు. అయితే ఆ తాళంచెవితో వచ్చినవాళ్లు లాగ్‌లు కూడా చెరిపేయగలరని మేడమ్ చెప్పారు. కాబట్టి రాలేదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆ రాత్రే సర్వరు తీసేశాను. మరునాడు 61 ఇళ్లకూ నేనే ఫోను చేసి జరిగింది చెప్పాను. అందులో చాలా నంబర్లు నాన్నలవే. ఒకాయన "మా పాప నంబరు ఎవరి చేతికైనా పోయిందామ్మా?" అని అడిగారు. తెలియదండీ అన్నాను. తప్పు నాదే కనుక ఏ కంపెనీ సర్వరన్నది ఇక్కడ రాయడం లేదు.

తర్వాత చదివితే ఇది నా ఒక్కదానికే జరిగింది కాదని తెలిసింది. 2020లో అమెజాన్‌లో ఎవరో ఉంచిన ఒక పాత విండోస్ సర్వరు ఇమేజిలో, అద్దె మనం కడుతుంటే వాళ్లకు మొనేరో అనే డిజిటల్ నాణేలు సంపాదించిపెట్టే ప్రోగ్రాము దాగి ఉందని భద్రతా నిపుణులు కనిపెట్టారు. 2025 ఫిబ్రవరిలో డేటాడాగ్ పరిశోధకులు ఇంకో కిటుకు బయటపెట్టారు. కొన్ని కంపెనీల ప్రోగ్రాములు "ఈ పేరుతో మొదలయ్యే ఇమేజిల్లో అన్నిటికన్నా కొత్తది ఇవ్వు" అని అడుగుతాయి, ఎవరిదో చెప్పవు. అదే పేరుతో ఇవాళ ఎవరైనా ఇమేజి పెడితే అదే కొత్తది అవుతుంది, అదే ఎంపికవుతుంది. పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. తయారుచేసినవారి ఖాతా నంబరు మాత్రం మార్చలేరు. ఉబుంటును తయారుచేసే కెనానికల్ సంస్థ ఖాతా నంబరు అమెజాన్‌లో 099720109477. ఉబుంటు ఇమేజి తీసేటప్పుడు ఈ నంబరుతో సరిచూసుకోవాలి.

మనం స్వయంగా ఇమేజి తయారుచేసినా ఇదే జాగ్రత్త అవసరం. నకలు తీసే ముందు మన తాళంచెవులు, పాస్‌వర్డులు, మనం టైపు చేసిన ఆదేశాల చరిత్ర తీసేయాలి. ఫైలు చెరిపితే చాలదు, చెరిపిన ఫైళ్లను కూడా డిస్కు నకలు నుంచి వెలికితీయవచ్చు. అందుకే శుభ్రమైన ఇమేజి నుంచి కొత్త సర్వరు తీసి, రహస్యాలేవీ పెట్టకముందే నకలు తీయడం మేలు. ఆ నకలు నిలవ ఉన్నన్నాళ్లూ నెలనెలా కొద్దిగా అద్దె పడుతుంది. ఇమేజిని జాబితా నుంచి తీసేశాం కదా అనుకుంటాం కానీ, దాని వెనక ఉన్న డిస్కు నకలును కూడా తొలగించకపోతే బిల్లు వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మన వెబ్‌సైటు కెనానికల్ వారి ఉబుంటు 24.04 ఇమేజి మీద నడుస్తోంది. అపాచి మొదలైనవన్నీ నేనే ఎక్కించాను, నిజంగానే రెండు రోజులు పట్టింది. ఫోను నంబర్లు మళ్లీ తీసుకున్నాం. 61 మందిలో 38 మంది ఇచ్చారు. మిగిలినవాళ్లకు గడువులు నోటీసు బోర్డులో అంటిస్తున్నాం. ఇమేజి నంబరు, తయారుచేసినవారి ఖాతా నంబరు, 2029లో ముగిసే గడువు ఒక నోటుబుక్కులో రాసి ఆఫీసు గది బీరువాలో ఉంచాను. నేను ఉద్యోగానికి వెళ్లాక ఈ పని చూసుకోవడానికి ఇద్దరు కావాలి. ఇష్టమున్న చెల్లెళ్లు వార్డెన్ మేడమ్‌కు పేరు ఇవ్వండి, ఆదివారాలు వచ్చి నేర్పిస్తాను.