గుర్రాలు 48 నుంచి 120 అయ్యాయి... సారథి మాత్రం పాతవాడే

ఈ వారం వీడియోలో కఠోపనిషత్తులో వచ్చే రథం పోలిక గురించి మాట్లాడుకున్నాం. ఆత్మ రథికుడు, శరీరం రథం, బుద్ధి సారథి అని బొమ్మ గీసి మరీ చెప్పాను. కానీ ఒక విషయం చెప్పలేదు. ఆ వీడియో రికార్డ్ చేయడానికి పది రోజుల ముందు అదే పాఠంలో నేను ఫెయిల్ అయ్యాను. కెమెరా ముందు చెప్పడానికి మొహం చెల్లలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పాత బండి, కొత్త బండి

మాది అమలాపురం దగ్గర ఒక పల్లెటూరు. నాన్నగారు 2013లో ఆల్టో 800 కొన్నారు. ఆరేళ్ళు ఆయన నడిపారు. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక తాళాలు నా చేతికిచ్చారు. తర్వాత ఇంకో ఆరేళ్ళు నేను నడిపాను. 796 సీసీ ఇంజిన్, 48 పిఎస్ పవర్. ఏసీ వేసి ఫ్లైఓవర్ ఎక్కితే పాపం ఆయాసపడేది. ఆఫీస్ పార్కింగ్‌లో ఫ్రెండ్స్ కార్ల మధ్య దాన్ని పెట్టి దిగేటప్పుడు నాకు కొంచెం చిన్నతనంగా ఉండేది. నిజం ఒప్పుకుంటున్నాను.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 18 శాతానికి తగ్గింది కదా. అదే సాకు దొరికింది. దసరాకి ఐ20 ఎన్ లైన్ బుక్ చేశాను. 998 సీసీ టర్బో ఇంజిన్, 120 పిఎస్. అంటే పాతదానికి సరిగ్గా రెండున్నర రెట్లు. ఎర్ర గీతల సీట్లు, వెనకాల రెండు సైలెన్సర్ గొట్టాలు, స్టార్ట్ చేస్తే చిన్న గర్జన. ఐదేళ్ళ లోన్.

ఇక్కడ ఒక చిన్న సరదా సంగతి. ఇంజిన్ శక్తిని గుర్రాలతో కొలవడం మొదలుపెట్టించింది జేమ్స్ వాట్. ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలి కదా, అందుకని ఆ లెక్క పెట్టాడు. కాబట్టి ఈ రోజు కార్ బ్రోచర్ కూడా రథం భాషే మాట్లాడుతోంది. నేను 48 గుర్రాల రథం దిగి 120 గుర్రాల రథం ఎక్కానన్నమాట.

అయినవిల్లిలో పూజ, కాలవ గట్టు మీద పాఠం

కార్తీక మాసంలో బండి తీసుకుని ఇంటికి వచ్చాను. కొత్తగా ఏది మొదలుపెట్టినా మా ఇంట్లో ముందు అయినవిల్లి వెళ్ళాల్సిందే. దక్షుడు యజ్ఞానికి ముందు ఇక్కడ వినాయకుణ్ణి కొలిచాడని స్థల పురాణం. పరీక్షల ముందు పిల్లలకి స్వామి దగ్గర పెట్టిన పెన్నులు పంచేది కూడా ఇక్కడే, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

పూజారి గారు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టించారు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అమ్మ కళ్ళు చెమర్చాయి. నాన్నగారు మాత్రం ఏమీ మాట్లాడకుండా డోర్ తీసి, వేసి, "తలుపు బాగా బరువుగా ఉందిరా" అన్నారు. అంతే.

తిరిగి వచ్చేటప్పుడు మెయిన్ రోడ్డు వదిలి కాలవ గట్టు మీద వచ్చాం. కోనసీమ వాళ్ళకి ఆ రోడ్లు తెలుసు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరి తోట, మధ్యలో ఒక బండి పట్టేంత తారు. ఖాళీగా కనిపించింది. టర్బో శబ్దం ఒకసారి నాన్నగారికి వినిపిద్దామనుకున్నాను. కాలు నొక్కాను. ముల్లు 65 దాటింది.

తూము దగ్గర మలుపు. మలుపు అవతల ఒక పెద్దాయన, సైకిలు వెనక కొబ్బరికాయల బస్తా.

బ్రేక్ మీద నిలబడ్డాను. ఏబీఎస్ కాలి కింద గడగడా కొట్టుకుంది. బండి ఆగింది. ఆయనకీ నా బంపర్‌కీ మధ్య రెండు అడుగులు కూడా లేవు. ఆయన కంగారులో సైకిలు వదిలేశారు. బస్తా చిరిగి కాయలన్నీ రోడ్డు మీద దొర్లాయి, నాలుగైదు కాలవలో పడ్డాయి.

నేను స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నాన్నగారు దిగి, "దెబ్బ తగిలిందా అండి?" అని ఆయన చెయ్యి పట్టుకున్నారు. తర్వాత పంచె ఎగ్గట్టి ఒక్కొక్క కాయా ఏరడం మొదలుపెట్టారు. అప్పుడు నాకు సోయ వచ్చి నేనూ దిగాను. కాయల డబ్బులు ఇవ్వబోతే ఆ పెద్దాయన తీసుకోలేదు. "ఏం పర్లేదండి బాబుగారూ, ఆయ్. బండి కొత్తది లాగుంది, రోడ్డు మాత్రం పాతదేనండి" అన్నారు. నుదుటన ఇంకా అయినవిల్లి కుంకుమ ఉంది నాకు.

ఇంటికొచ్చాక కూడా నాన్నగారు తిట్టలేదు. తిడితే బాగుండేది.

రథాలు వద్దన్న పిల్లాడికి రథం పాఠం

ఆ రాత్రి నిద్ర పట్టక కఠోపనిషత్తు మళ్ళీ తీశాను. వీడియో కోసం ఎలాగూ చదవాలి. ఇన్నాళ్ళూ గమనించని ఒక విషయం కనిపించింది.

నచికేతుడు మరణం తర్వాత ఏముంది అని అడిగినప్పుడు యముడు వెంటనే చెప్పడు. దాని బదులు సంపద ఇస్తానంటాడు, దీర్ఘాయువు ఇస్తానంటాడు, ఏనుగులు, గుర్రాలు, అప్సరసలతో కూడిన రథాలు కూడా ఇస్తానంటాడు. ఆ పిల్లాడు అవన్నీ నీ దగ్గరే ఉంచుకో, వాటివల్ల ఇంద్రియాల తేజస్సు అరిగిపోతుంది అంటాడు. తర్వాత మూడో వల్లిలో అదే యముడు, రథాలు వద్దన్న ఆ పిల్లాడికే, రథాన్ని చూపించి ఆత్మ విద్య నేర్పిస్తాడు!

అంటే రథం చెడ్డదని ఉపనిషత్తు అనడం లేదు. ఎవరు నడుపుతున్నారు అనేదే దాని ప్రశ్న. గుర్రాలు అంటే ఇంద్రియాలు. అవి పరిగెత్తే దారులు విషయాలు. పగ్గాలు మనసు. పగ్గాలు పట్టుకున్న సారథి బుద్ధి. వెనక కూర్చున్న యజమాని మనం.

ఇప్పుడు నా తూము మలుపుని ఒక బగ్ రిపోర్ట్‌లాగా చూద్దాం. చెవికి టర్బో శబ్దం కావాలనిపించింది. కంటికి ఖాళీ రోడ్డు కనిపించింది. మనసు "నాన్నగారికి చూపిద్దాం" అని ఆ రెండిటికీ వత్తాసు పలికింది. ఇక్కడ బుద్ధి అడ్డుపడి "మలుపు అవతల కనిపించట్లేదు కదా" అనాలి. అనలేదు. సారథి సీట్లోనే ఉన్నాడు, కానీ నిద్రలో ఉన్నాడు.

కొంచెం ఫిజిక్స్ కూడా కలుపుకోండి. గంటకి 65 కిలోమీటర్లంటే సెకనుకి 18 మీటర్లు. ప్రమాదం చూసి కాలు బ్రేక్ మీదకి వెళ్ళడానికి ఒక్క సెకను పట్టినా, ఆ లోపే 18 మీటర్లు వెళ్ళిపోయాం. వేగం రెట్టింపైతే బండి మోసే శక్తి నాలుగు రెట్లవుతుంది. పాత ఆల్టోలో నేను జాగ్రత్తగా నడిపేవాణ్ణి అనుకునేవాణ్ణి. నిజానికి ఆ జాగ్రత్త నాది కాదు, ఆ 48 గుర్రాలది. శక్తి తక్కువున్నప్పుడు కనిపించే నిగ్రహం నిగ్రహం కాదు, అవకాశం లేకపోవడం. శక్తి పెరిగినప్పుడే మన సారథి ఎలాంటివాడో బయటపడుతుంది. ఇది కారుకే కాదు, జీతం పెరిగినప్పుడు, ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా వర్తిస్తుంది.

నెమలి గెలవలేదు ఎందుకు?

అయినవిల్లి స్వామి దగ్గరే పూజ చేయించుకుని ఇంత పెద్ద విషయం మర్చిపోయాను. భూప్రదక్షిణ పందెం కథ మనందరికీ తెలిసిందే. కుమారస్వామిది నెమలి, స్పోర్ట్స్ మోడల్. వినాయకుడిది ఎలుక, మా ఆల్టో లాంటిది. అయినా గెలిచింది వినాయకుడే, తల్లిదండ్రుల చుట్టూ తిరిగి.

చిన్నప్పుడు ఇది తెలివితేటల కథ అనుకున్నాను. ఇప్పుడు వేరేలా కనిపిస్తోంది. ఎంత తొందరగా అనే ప్రశ్నకి వాహనం జవాబు చెప్తుంది. ఎక్కడికి, ఎవరి చుట్టూ అనే ప్రశ్నకి అది జవాబు చెప్పలేదు. నేను ఆ రోజు నా తల్లిదండ్రుల్నే బండిలో కూర్చోబెట్టుకుని, వాళ్ళ చుట్టూ తిరగడం మానేసి, వాళ్ళ ముందు గొప్ప చూపించుకోబోయాను.

అంతర్వేది నేర్పింది

మన కోనసీమకి కొత్త రథం, పాత రథం అనే మాట ఇంకో రకంగా గుండెకి తగిలింది. 2020 సెప్టెంబర్‌లో ఒక అర్ధరాత్రి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. అరవై ఏళ్ళకు పైగా భీష్మ ఏకాదశి నాడు స్వామి ఎక్కిన టేకు రథం అది. మా ఇంట్లో ఆ రోజు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. కొన్ని నెలల్లోనే కొత్త రథం తయారైంది. 2021 ఫిబ్రవరి 19, రథసప్తమి రోజున దాన్ని ప్రారంభించారు. ఆ తర్వాత వచ్చిన కల్యాణోత్సవాల్లో స్వామి ఎప్పటిలాగే ఊరేగారు.

రథం మారింది, లోపల కూర్చున్నవాడు మారలేదు. భారతంలో కూడా ఇలాంటి ఘట్టం ఉంది. యుద్ధం ముగిశాక కృష్ణుడు అర్జునుణ్ణి ముందు దిగమంటాడు. తర్వాత ఆయన దిగగానే ఆ దివ్యరథం భస్మమైపోతుంది. అన్ని రోజులూ అర్జునుణ్ణి కాపాడింది రథం కాదు, సారథి.

ఇంకో మాట. రథోత్సవంలో తాడు లాగేవాళ్ళు వందల్లో ఉంటారు, అందరూ ఫొటోల్లో పడతారు. చక్రాల దగ్గర వంగి, చెక్క అడ్డాలు వేస్తూ రథాన్ని అదుపు చేసేవాళ్ళు కొద్దిమందే. వాళ్ళని ఎవరూ చూడరు. కానీ అంత బరువు జనం మధ్య క్షేమంగా వెళ్తోందంటే వాళ్ళ వల్లే. మన బ్రేక్ పెడల్ ఆ సేవ చేస్తోంది.

పాలివ్వని ఆవులు

ఇక పాత ఆల్టో సంగతి. దాన్ని మా బాబాయికి ఇచ్చేద్దామనుకున్నాను, పిన్నిని హాస్పిటల్‌కి తీసుకెళ్ళడానికి పనికొస్తుందని. బ్రేకులు కొంచెం లూజుగా ఉన్నాయి, ముందు టైర్లు అరిగిపోయాయి. "ఊళ్ళోనే కదా తిరిగేది, ఆయన చేయించుకుంటాడులే" అనుకున్నాను.

కఠోపనిషత్తు ఎలా మొదలవుతుందో గుర్తుందా? నచికేతుడి తండ్రి యజ్ఞంలో గోదానం చేస్తున్నాడు. ఇస్తున్నవన్నీ నీళ్ళు తాగడం, గడ్డి మేయడం, పాలివ్వడం అయిపోయిన ముసలి ఆవులు. అది చూసి ఆ పిల్లాడి మనసు కలత పడుతుంది, అక్కడినుంచే కథ మొత్తం నడుస్తుంది. ఆ పేజీ చదువుతుంటే నా ఆల్టో కళ్ళ ముందు నిలబడింది. నేను బాబాయికి ఇవ్వబోయింది పాలివ్వని ఆవునే.

మర్నాడు దాన్ని అమలాపురంలో మెకానిక్ దగ్గర పెట్టాను. బ్రేక్ ప్యాడ్లు, రెండు టైర్లు, బ్యాటరీ మార్పించాను. ఇన్సూరెన్స్, ఆర్‌సి బాబాయి పేరు మీదకి మార్చే పని మొదలుపెట్టాను. తాళాలు నాన్నగారి చేత ఇప్పించాను. ఎందుకంటే ఆ బండి నిజానికి ఆయనది. అప్పుడు నవ్వారు నాన్నగారు, ఆ వారంలో మొదటిసారి.

కొత్త బండి పూజ చేయించేవాళ్ళకి

చాలామంది అడుగుతున్నారు కాబట్టి, నా అనుభవంతో కొన్ని మాటలు:

1. డాష్‌బోర్డ్ మీద విగ్రహం పెట్టుకునే ముందు ఎయిర్‌బ్యాగ్ ఎక్కడుందో చూడండి. కనురెప్ప వేసేలోపు విప్పుకునే ఎయిర్‌బ్యాగ్ దాని మీదున్న దేన్నైనా మన మొహం మీదకి విసురుతుంది. ఆ మూత మీద ఏదీ అతికించొద్దు.
2. అద్దానికి దండలు, జపమాలలు చూపుకి అడ్డం వచ్చేలా కట్టొద్దు. పూజ రోజు దండ వేస్తే ఇంటికి బయల్దేరే ముందు తీసి, భక్తిగా పక్కన పెట్టండి.
3. దిష్టి గుమ్మడికాయ, కొబ్బరికాయ నడిరోడ్డు మీద కొట్టి వదిలేయొద్దు. ఆ ముక్కల మీద జారేది వెనకొచ్చే బైక్ అబ్బాయి. మన దిష్టి తీసి అతనికి అంటించడం ధర్మం కాదు.
4. కర్పూర హారతి బానెట్‌కి దూరంగా, చేతిలో పళ్ళెంలో ఇప్పించండి.
5. సీట్ బెల్ట్ వెనక సీట్లో అమ్మకి కూడా. పెట్టించాల్సింది మనమే.

కారు కొనడం తప్పా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. తప్పు కాదనే అనుకుంటున్నాను. అర్థం, కామం కూడా పురుషార్థాలే, ధర్మం పగ్గాలు పట్టుకున్నంతవరకు. ఇప్పటికీ ఆ ఇంజిన్ శబ్దం నాకిష్టమే. కానీ స్టార్ట్ బటన్ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగి, "సారథి మేలుకునే ఉన్నాడా?" అని అడుగుతున్నాను. కాలవలో పడిపోయిన ఆ నాలుగైదు కొబ్బరికాయలు గుర్తొస్తాయి.

ఈ వారం మీరూ ఒక పని చేయండి. మీ బండి, అది స్కూటీ అయినా సరే, స్టార్ట్ చేసే ముందు మూడు ఊపిరులు తీసుకుని అదే ప్రశ్న వేసుకోండి. వారం తర్వాత మీ డ్రైవింగ్‌లో ఏం మారిందో ఇంట్లోవాళ్ళని అడగండి. మనకంటే వాళ్ళకే బాగా తెలుస్తుంది.

వచ్చే వారం శ్రేయస్సు, ప్రేయస్సు గురించి మాట్లాడుకుందాం. క్షేమంగా వెళ్ళి, క్షేమంగా రండి. శుభం.