వేన్నీళ్ళకు సూర్యుడు తోడు

చలికాలంలో పొద్దున్నే స్నానమంటే మీకు బద్ధకమే కదూ? "నీళ్ళు కాగాయి, రండి!" అని అమ్మ కేక వేస్తేనే గాని దుప్పటి వదలం. చలి దేశాల్లో ఇల్లంతా వెచ్చగా ఉంచుకోవడానికి ఇంధనం కాలుస్తారు. మన తెలుగునాట ఆ అవసరం తక్కువ. మనం వేడి చేసేది ముఖ్యంగా స్నానాల నీళ్ళనే. మరి గాలి చెడకుండా నీళ్ళు కాచుకునే పద్ధతి ఏది? లెక్క వేసి తేల్చుకుందాం, రండి.

ఒక లీటరు నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెంటిగ్రేడు పెరగాలంటే ఒక కిలోకేలరీ ఉష్ణం కావాలి. బకెట్టులో 20 లీటర్ల నీళ్ళున్నాయనుకోండి. వాటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. స్నానానికి 40 డిగ్రీలు చాలు. అంటే 20 × 20 = 400 కిలోకేలరీలు కావాలన్నమాట. ఈ అంకె గుర్తుంచుకోండి. ఏ పొయ్యి మీద కాచినా బకెట్టు అడిగేది ఇంతే. మనం ఖర్చుపెట్టేది ఎంత అన్నదే ప్రశ్న.

మొదట కట్టెల పొయ్యి. ఎండిన కట్టె ఒక కిలో కాలితే సుమారు 3,500 కిలోకేలరీల ఉష్ణం పుడుతుంది. మూడు రాళ్ళ పొయ్యి మీద అందులో ఏ పదో వంతో నీటికి చేరుతుంది. మిగతాదంతా గాలిపాలు. అందుకే ఒక్క బకెట్టుకు కిలో దాకా కట్టెలు ఖర్చవుతాయి. నరికిన చెట్టుకు బదులు మరో చెట్టు పెంచవచ్చు. కాని పొగ మాటేమిటి? పొయ్యి ఊదేవారి కళ్ళలోకీ, ఊపిరితిత్తుల్లోకీ పోయేది ఆ పొగే.

పోనీ, కరెంటు హీటరు? ఒక యూనిట్ విద్యుత్తు 860 కిలోకేలరీలకు సమానం. బకెట్టుకు అర యూనిట్ చాలు. ఇంట్లో పొగే లేదు! మరి పొగ ఎక్కడికి పోయింది? మన దేశపు విద్యుత్తులో ఎక్కువ భాగం బొగ్గు మండించగా వచ్చేదే. కొత్తగూడెం వంటి థర్మల్ కేంద్రాల్లో బొగ్గు వేడిలో మూడింట ఒక వంతు మాత్రమే విద్యుత్తుగా మారుతుంది. అంటే మన 400 కోసం అక్కడ 1,200 కిలోకేలరీల బొగ్గు కాలుతుంది. పొగ పోలేదు, ఊరు మారిందంతే!

గ్యాస్ గీజరుకైతే బకెట్టుకు 50 గ్రాముల గ్యాసు సరిపోతుంది. బొగ్గుతో పోలిస్తే ఇది నయమే. అయితే గాలి ఆడని స్నానాల గదిలో దాన్ని అమర్చకూడదు. గ్యాసు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. మనకు కావలసింది 40 డిగ్రీల నీళ్ళు. దానికోసం వెయ్యి డిగ్రీలు దాటిన మంట రగిలిస్తున్నాం. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాదూ! ఎండాకాలం మధ్యాహ్నం కుళాయి తిప్పి చూడండి. డాబా మీది గొట్టాల్లోంచి చెయ్యి కాలేంత వేడినీళ్ళు వస్తాయి. వాటిని ఎవరు కాచారు?

1767లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు సొస్యూర్ అద్దాల మూతలున్న పెట్టెను ఎండలో పెట్టాడు. లోపలి వేడి నీరు మరిగే ఉష్ణోగ్రతను దాటింది. వెలుగు అద్దంలోంచి లోపలికి పోయింది, వేడి మాత్రం సులువుగా బయటికి రాలేకపోయింది. మన డాబాల మీది సోలార్ హీటరు చేసే పనీ ఇదే. అద్దం కింద నల్లరేకు, దానికి అంటుకుని సన్నని గొట్టాలు ఉంటాయి. వేడెక్కిన నీరు తేలికై పైనున్న తొట్టిలోకి ఎక్కుతుంది. చన్నీరు బరువై కిందికి దిగుతుంది. మోటారు అక్కరలేదు. తొట్టి చుట్టూ దళసరి తొడుగు ఉంటుంది కనుక మర్నాటి ఉదయానికీ వేడి నిలుస్తుంది.

మన ప్రాంతంలో చదరపు మీటరు చోటు మీద సగటున రోజుకు 5 యూనిట్ల ఎండ పడుతుంది. రెండు చదరపు మీటర్ల పలక మీద పడేది 10 యూనిట్లు. అందులో 4 యూనిట్లే నీటికి చేరినా 3,440 కిలోకేలరీలు. అంటే ఎనిమిది బకెట్లు!

మరి ముసురు పట్టిన రోజున? చుట్టూ మేడలుండి డాబా మీద ఎండ పడని ఇంట్లో? అక్కడ హీట్ పంపు అనే యంత్రం మేలు. ఫ్రిజ్ వెనకభాగం వెచ్చగా ఉండటం గమనించారా? లోపలి వేడిని అది బయటికి తోస్తుంది. హీట్ పంపు కూడా అలాగే బయటి గాలిలోని వేడిని నీటిలోకి తోస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలుగుతుంది.

ఇవేవీ కొనలేకపోయినా దిగులు పడకండి. రెండు ఒకేలాంటి డబ్బాలు తీసుకోండి. ఒకదానికి నల్లరంగు, మరొకదానికి సున్నం పూయండి. రెంటిలో సమానంగా నీళ్ళు పోసి, మూతపెట్టి పదకొండింటికి ఎండలో ఉంచండి. మూడింటికి థర్మామీటరుతో చూడండి. నల్లడబ్బా నీళ్ళే ఎక్కువ వేడెక్కి ఉంటాయి. అలాగే ఒక పెద్ద పాత్రను ఎండలో పెడితే సాయంత్రం స్నానానికి పనికొస్తుంది. ఆ నీళ్ళు 30 డిగ్రీలకు చేరినా చాలు, ఇక పొయ్యి పెంచవలసింది పది డిగ్రీలే. మన 400 కాస్తా 200 అవుతుంది. సగం ఇంధనం మిగిలినట్టే!

వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు పెద్దలు. చన్నీళ్ళకు సూర్యుణ్ణి తోడు చేసుకోవడం మన చేతిలో ఉంది. మీ ఇంట్లో రోజుకు ఎన్ని బకెట్లు కాస్తున్నారు? ఆ లెక్క ఈ రోజే వేసి నాన్నకు చూపించండి.