ఇంటి దీపము – నెల లెక్క

చదువవలసిన భాగములు: లూకా 15:8–10, యోహాను 6:1–13



సూర్యాపేట వైపునుండి రాత్రివేళ బస్సులో హైదరాబాదునకు పోయినవారు ఎల్.బి. నగరు కూడలిని ఎరుగుదురు. అక్కడనుండి కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగరు చేరువరకు వీధి దీపములు తెల్లగా వెలుగుచుండును. 2017వ సంవత్సరములో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ, ప్రభుత్వ రంగములోని ఈ.ఈ.ఎస్.ఎల్. సంస్థ ద్వారా నగరపు పాత వీధి దీపములను తీయించ నారంభించి, వాటి స్థానమున 4 లక్షలకు పైగా ఎల్.ఇ.డి. దీపములు పెట్టించినది.

వీధిలో దీపము మారినది. ఇండ్లలో మారినదా? పిల్లల చదువుల కొరకును, పనుల కొరకును మన గ్రామములనుండి వెళ్లి, దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు ప్రాంతములలో చిన్న వాటాలు అద్దెకు తీసికొని కాపురమున్న కుటుంబములు అనేకములు. అట్టి వాటాలలో కొన్నింటను, మన పల్లె యిండ్లలో కొన్నింటను వరండాలోనో స్నానాల గదిలోనో పాత పసుపుపచ్చ బల్బు ఇంకను వెలుగుచునే యున్నది. ఈ నెల పాఠము ఆ బల్బును గూర్చినదే.

లూకా సువార్త 15వ అధ్యాయములోని స్త్రీ, పోయిన ఒక నాణెము కొరకు దీపము వెలిగించి ఇల్లంతయు ఊడ్చి వెదకెను. దీపమునకు నూనె ఖర్చగును. అయినను ఆమె వెనుదీయలేదు. అవసరమైన చోట వెలుగునకు ఖర్చుపెట్టుట దుబారా కాదు. అయితే పదింటిలో పోయినది ఒకటే గదా అని ఆమె ఊరకుండలేదు. మన యిండ్లలో నెలనెలా పోవుచున్న నాణెమును ఎక్కడ వెదకవలెను? దీపములోనే వెదకవలెను.

1. పాత బల్బు ఏమి చేయుచున్నది?

పాత బల్బులో సన్నని టంగ్‌స్టన్ తీగ యుండును. కరెంటు ప్రవహించి ఆ తీగను మిక్కిలి వేడిచేయగా అది వెలుగును. అది తీసికొను కరెంటులో నూటికి ఇంచుమించు 5 వంతులు మాత్రమే వెలుగగును. తక్కినదంతయు వేడిగా పోవును. వెలుగుచున్న బల్బును ముట్టిన చేయి చురుక్కుమనుట అందుకే. మనము దీపము కొరకు పైకమిచ్చి పొయ్యిని కొనుచున్నాము!

ఎల్.ఇ.డి. దీపములో కాలెడు తీగ లేదు. అందులోని చిన్న బిళ్లలగుండ కరెంటు ప్రవహించినప్పుడు ఆ పదార్థమే వెలుగునిచ్చును. ఎర్రని, పచ్చని వెలుగునిచ్చు బిళ్లలు ముందే యుండెను గాని, నీలి వెలుగు దొరకనిదే ఇంటికి పనికివచ్చు తెల్లని వెలుగు రాలేదు. ఆ నీలి వెలుగును సాధించినందుకు అకాసాకి, అమానో, నాకామురా అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి లభించెను.

2. లెక్క చూతము

1000 వాట్ల దీపము ఒక గంట వెలిగిన ఒక యూనిట్ అగును. ఒక యింటిలో 60 వాట్ల పాత బల్బులు నాలుగు కలవనియు, దినమునకు 5 గంటలు వెలుగుననియు అనుకొందము. 30 దినములకు 36 యూనిట్లు ఖర్చగును. వాటికి బదులు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు నాలుగు పెట్టినయెడల, ఇంచుమించు అంతే వెలుగునకు 5.4 యూనిట్లు మాత్రమే చాలును. మిగులునది నెలకు 30.6 యూనిట్లు.

ఇది అల్పమని తోచవచ్చును. తెలంగాణలో గృహజ్యోతి పథకము క్రింద 2024 మార్చి నుండి, అర్హత గల కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితము. ఆ హద్దు దాటిన నెలలో మాత్రము బిల్లంతయు చెల్లింపవలెను. 2022 ఏప్రిల్ నుండి వచ్చిన ధరల ప్రకారము 201 యూనిట్లకు వెయ్యి రూపాయలకు పైగా అగును. 225 యూనిట్లు కాల్చు కుటుంబము ఈ నాలుగు బల్బులు మార్చినయెడల 195 యూనిట్ల లోపునకు దిగును. ఆ వెయ్యి రూపాయలు పట్నములో చదువుకొను పిల్లవాని భోజనపు ఖర్చునకో, పుస్తకములకో ఉపయోగపడును.

3. ఖరీదు అడ్డమా?

ఒకప్పుడు అడ్డమే. 2014 ఆరంభమున ఈ.ఈ.ఎస్.ఎల్. వారు ఒక్కొక్క ఎల్.ఇ.డి. బల్బును 310 రూపాయలకు కొనిరి. కోట్లకొలది ఒక్కసారి కొన నారంభించగా 2016 నాటికి ఆ ధర 38 రూపాయలకు దిగెను. 2015 జనవరి 5న మొదలైన ఉజాలా పథకము ద్వారా దేశములో 36 కోట్లకు పైగా బల్బులు పంచబడెను. 2021లో గ్రామ ఉజాలా అను పథకము, విజయవాడ ప్రాంతముతో సహా కొన్నిచోట్ల, పాత బల్బు తెచ్చిన పల్లెవారికి 10 రూపాయలకే క్రొత్తది ఇచ్చెను. నేడు అంగడిలో 100 రూపాయలు పెట్టి కొన్నను, యూనిట్ 4 రూపాయల 80 పైసలు చెల్లించు ఇంటిలో, దినమునకు 5 గంటలు వెలుగు బల్బు మూడు నెలలలో తన ఖరీదు తానే తీర్చుకొనును.

అద్దె యింటివారు సందేహింపనక్కరలేదు. ఇల్లు మారునప్పుడు బల్బును హోల్డరు నుండి తీసి వెంట తీసికొనిపోవచ్చును.

4. కొనునప్పుడు గమనింపవలసినవి

దిల్‌సుఖ్‌నగరు వంటి పెద్ద బజారులలో పేరు, గుర్తు లేని బల్బులును చవుకగా దొరకును. చవుక అని మోసపోరాదు. బల్బు మీద బి.ఐ.ఎస్. గుర్తును, ‘ఆర్’ అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యను చూడవలెను. వాట్లు అనగా అది తిను కరెంటు. ల్యూమెన్లు అనగా అది ఇచ్చు వెలుగు. వాట్లు తక్కువగాను, ల్యూమెన్లు ఎక్కువగాను ఉన్నదే మేలు. గ్యారంటీ కాలము వ్రాయించుకొని రసీదు దాచుకొనవలెను.

అన్ని బల్బులు ఒక్కసారి కొనలేనివారు, ఎక్కువ గంటలు వెలుగుదానిని మొదట మార్చవలెను. రాత్రియంతయు 12 గంటలు వెలుగు వరండా బల్బు ఒక్కటే 60 వాట్లదైన నెలకు 21.6 యూనిట్లు తినును. 9 వాట్లదైన 3.24 యూనిట్లే. గాలి ఆడని మూసిన బుడ్డిలో ఎల్.ఇ.డి. బల్బు పెట్టరాదు, వేడికి దాని ఆయుష్షు తగ్గును. తీసివేసిన సి.ఎఫ్.ఎల్. బల్బులలో పాదరసము కొద్దిగా యుండును గనుక వాటిని పగులగొట్టరాదు, పిల్లల చేతికియ్యరాదు.

5. చవుకైన వెలుగు – ఒక శోధన

దీపము చవుకైనదని ఖాళీ గదిలో వెలుగనిచ్చినయెడల లాభమేమి? 75 వాట్ల ఫ్యాను దినమునకు 15 గంటలు తిరిగిన నెలకు 33 యూనిట్లకు పైగా అగును. ఎవరును లేని గదిలో అది తిరిగినయెడల, బల్బులు మార్చి మిగిల్చినదంతయు అక్కడనే పోవును.

“మాకు ఉచితమే గదా” అనువారును కలరు. ఉచితముగా వచ్చు కరెంటునకును ఎవరో ఒకరు వెల చెల్లించుచునే యున్నారు. సింగరేణి కార్మికుడు భూమి లోపలినుండి త్రవ్విన బొగ్గు కొత్తగూడెములో కాలి కరెంటగుచున్నది. యోహాను సువార్త 6వ అధ్యాయములో, అయిదు రొట్టెలతో వేలమందిని తృప్తిపరచిన ప్రభువే, మిగిలిన ముక్కలను పారవేయక పోగుచేయుమని శిష్యులకు చెప్పెను. కావలసినంత కలుగజేయగలవాడే వ్యర్థపరచుటకు ఒప్పుకొనలేదు. ఊరక లభించినదానిని వ్యర్థపరచుటకు మనకు హక్కెక్కడిది?

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ యింటిలో ఎక్కువ గంటలు వెలుగు దీపము ఏది? అది ఎన్ని వాట్లు?
2. గడచిన మూడు నెలల బిల్లులలో యూనిట్లు ఎన్ని? హద్దునకు ఎంత దూరములో నున్నారు?
3. మన ప్రార్థన మందిరములో ఇంకను పాత బల్బులు కలవా? వాటిని మార్చు బాధ్యతను యౌవనస్థులు తీసికొనగలరా?
4. ఇట్లు మిగిలిన పైకమును దేనికి వినియోగింపవలెనని మీ కుటుంబము నిర్ణయించెను?

ఈ సాయంకాలము దీపము వెలిగించునప్పుడు ఒక్కసారి తల యెత్తి ఆ బల్బును చూడుడి. నాణెము అక్కడనే దొరకవచ్చును.