సముద్రంలో చమురు ఒలికితే పెత్తనం ఎవరిది?



పోయిన శనివారం చర్చా పోటీలో నాకు వచ్చిన అంశం ఇది. మూడు నిమిషాలు కాగానే గంట కొట్టేశారు. చెప్పాల్సింది సగం గొంతులోనే ఉండిపోయింది. అందుకని ఈ గోడపత్రికలో రాస్తున్నాను. ఇక్కడ గంట కొట్టేవాళ్లు లేరు.

మన పెనుగొలను పేరులో కొలను ఉంది గానీ సముద్రం చాలా దూరం. మా క్లాసులో సముద్రం చూసినవాళ్లు నలుగురే. నేను చూడలేదు. "చూడని సముద్రం గొడవ మనకెందుకే" అని నా పక్క మంచం అమ్మాయి అడిగింది. ఎందుకంటే చమురు మన రాష్ట్రం పక్కనే తీస్తున్నారు. కృష్ణా, గోదావరి నదులు కలిసే చోట సముద్రం అడుగున చమురు, గ్యాసు ఉన్నాయి. రవ్వ అనే క్షేత్రాన్ని 1987లో కనుగొన్నారు. కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ వాళ్లు 2024 జనవరిలో ముడి చమురు తీయడం మొదలుపెట్టారు. ఆ కాకినాడ పక్కనే కోరింగ మడ అడవులు ఉన్నాయి. మడ చెట్ల వేళ్లు గాలి కోసం బురదలోంచి పైకి లేస్తాయి. వాటికి చమురు పూస్తే ముక్కు మూసినట్టే.

ముందు చమురు నీళ్లలో ఏం చేస్తుందో చూడాలనుకున్నాం. ఆదివారం వంట ఆయమ్మను బతిమాలి బట్టలు నానబెట్టే టబ్బులో నీళ్లు పట్టి పామోలిన్ నూనె పోశాం. నూనె నీటి కంటే తేలిక కాబట్టి పైకి తేలి టబ్బంతా పరుచుకుంది. గరిటెతో తీస్తే నూనె కొంచెం, నీళ్లు ఎక్కువ వచ్చాయి. కొబ్బరి పీచు వేస్తే బాగా పీల్చుకుంది. చివరికి సబ్బు పొడి వేసి కలిపాం. ఆశ్చర్యం, నూనె మాయమైంది! కానీ పోలేదు. సన్న చుక్కలుగా విడిపోయి నీళ్లలో కలిసింది. నీళ్లు తెల్లగా అయిపోయాయి. అందులో చేప ఉంటే ఆ నీళ్లే కదా దానికి దిక్కు. సముద్రం మీద కూడా ఇలాంటి మందులే చల్లుతారు. పైన చూసేవాళ్లకు శుభ్రమైనట్టు కనబడుతుంది.

ఒక సంగతి దాచకుండా రాస్తాను. ఎంత నూనె పోశావే అని ఆయమ్మ అడిగితే "ఒక్క చెంచా" అన్నాను. ఆమె సీసా ఎత్తి చూసి "మూడు చెంచాలు పోశావు" అంది. ఆమెదే నిజం. ఒలకబోసినవాళ్లు తక్కువే చెప్తారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

పోటీలో మా జట్టు వాదన ఏమిటంటే, కంపెనీదే పెత్తనం, ఎందుకంటే యంత్రాలు, పని తెలిసినవాళ్లు దాని దగ్గరే ఉంటారు. ఇందులో కొంత నిజం ఉంది. కోనసీమలో పాసర్లపూడి దగ్గర 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావి పేలి మంటలు లేచాయి. అది నేల మీది గ్యాసు బావి, సముద్రంలోది కాదు. ఆర్పడానికి 65 రోజులు పట్టింది. అమెరికా నుంచి నిపుణులను పిలిపించారు. అలాంటి మంట దగ్గర కలెక్టరు గారు ఎంత గట్టిగా ఆర్డరు వేసినా, బావి మూయడం తెలిసినవాడు రావాల్సిందే.

అయితే పని తెలిసినవాడు వేరు, పెత్తనం చేసేవాడు వేరు. 2010 ఏప్రిల్ 20న అమెరికా దక్షిణాన మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే సముద్రపు రిగ్గు పేలింది. 11 మంది చనిపోయారు. బావి బీపీ కంపెనీది. చమురు 87 రోజులు కారింది. అక్కడ చట్టం ప్రకారం పై అధికారం ప్రభుత్వానిది, అక్కడి కోస్ట్ గార్డు అడ్మిరల్ థాడ్ అలెన్‌కు అప్పగించారు. కానీ మైలు లోతున పని చేసే యంత్రాలు కంపెనీవే. పేరుకు సర్కారు, చేతికి కంపెనీ. మొదట్లో రోజుకు 1,000 పీపాలు కారుతోంది అన్నారు. తర్వాత 5,000 అన్నారు. చివరికి శాస్త్రవేత్తలు లెక్క కడితే రోజుకు 50,000 పైనే! పీపా అంటే దాదాపు 159 లీటర్లు. అక్కడ జరిమానా పీపాల లెక్కన వేస్తారు. లెక్క తగ్గితే ఎవరికి లాభమో మీరే చూడండి. నా మూడు చెంచాలు గుర్తున్నాయా?

మన దేశంలో అయితే 1996లో చమురు ఒలికినప్పటి కోసం ఒక జాతీయ ప్రణాళిక తయారైంది. అందులో ముఖ్య బాధ్యత కోస్ట్ గార్డుది. కానీ ఓడరేవు హద్దులో ఓడరేవు వాళ్లు, చమురు తీసే కట్టడం చుట్టూ 500 మీటర్లలో కంపెనీ వాళ్లు, ఒడ్డున రాష్ట్ర ప్రభుత్వం చూసుకోవాలి. కాగితం మీద చక్కగా ఉంది. చమురు ఆ గీతలు చదువుకోలేదు, అదే చిక్కు.

2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నై పైన ఎన్నూరు రేవు బయట బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం అనే రెండు ఓడలు ఢీకొన్నాయి. ఎన్నూరు మన పులికాట్ సరస్సుకు దక్షిణాన ఉంది. చమురు పోలేదని రేవు వాళ్లు ముందు ప్రకటించారు. తర్వాత దర్యాప్తులో తేలింది దాదాపు 250 టన్నులు. అప్పటికే నల్లటి జిడ్డు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పీల్చే యంత్రాలు తెస్తే ముద్దలా గట్టిపడిన చమురు గొట్టాల్లో ఇరుక్కుంది. ఇక ఏం చేశారు? బకెట్లు. కోస్ట్ గార్డు వాళ్లు, విద్యార్థులు, జాలర్లు బకెట్లతో చేతులారా ఎత్తిపోశారు. మా గరిటె పనే అది.

అక్కడే మళ్లీ 2023 డిసెంబరులో జరిగింది. మిచౌంగ్ తుఫాను మనందరికీ తెలుసు, బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటి చెన్నై వరదల్లో మణలి చమురు శుద్ధి కర్మాగారం నుంచి చమురు బకింగ్‌హామ్ కాలువలోకి, ఎన్నూరు కయ్యలోకి వెళ్లింది. కంపెనీ మా పైపులు కారలేదంది. తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి చూసి, ఆ ఆవరణ నుంచే వాననీటితో పాటు వచ్చిందని చెప్పింది. జాలర్ల పడవలూ వలలూ నల్లబడ్డాయి. మళ్లీ ఆ జాలర్లే పడవలెక్కి చమురు తీశారు.

పోటీలో నేను కంపెనీ వైపు మాట్లాడాను గానీ ఇవన్నీ చదివాక నా మనసు మారింది. హుకుం ఒక్కరి చేతిలోనే ఉండాలి, అది కోస్ట్ గార్డు. రేవు హద్దయినా, ఒడ్డయినా మొదటి గంట నుంచి వాళ్లదే మాట కావాలి. కంపెనీ యంత్రాలు తేవాలి, మనుషులను తేవాలి, డబ్బు కట్టాలి. ఎంత పోయిందో కొలిచే పని మాత్రం దాని చేతికి ఇవ్వకూడదు. మందు చల్లాలా వద్దా అన్నది కూడా అది ఒక్కటే తేల్చకూడదు.

ఇంకొకరున్నారు. మా ఊరు ఏజెన్సీలో ఉంది. 1996లోనే వచ్చిన పెసా చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి తీసుకోవాలంటే ముందు గ్రామసభను అడగాలి. ఒకసారి మా ఊరి సభలో ఆఫీసరు గారు కాగితం చదివారు, చాలామందికి అర్థం కాలేదు. మా నాన్నమ్మ లేచి, వాగు ఏ నెలలో ఎటు తిరుగుతుందో చెప్పింది. అది ఆ కాగితంలో లేదు. ఆమెకు అక్షరం రాదు. సముద్రానికి గ్రామసభ లేదు. కానీ ఏ గాలికి నీళ్లు ఎటు లాగుతాయో, ఏ మూలలో చేప గుడ్లు పెడుతుందో జాలరికి తెలుసు. కోస్ట్ గార్డు కూర్చునే బల్ల దగ్గర ఆయనకూ కుర్చీ వెయ్యాలి. ఆఖరున "శుభ్రమైంది" అని రాసే కాగితం మీద ఆ ఊరివాళ్ల సంతకమో వేలిముద్రో ఉండాలి. ముందు బకెట్టుతో పాటు చేతికి తొడుగులు, వేటకు పోలేని రోజులకు కూలి ఇవ్వాలి.

"జాలర్లలోనే ఒకరికొకరికి పడకపోతే?" అని పక్క మంచం అమ్మాయి మళ్లీ అడిగింది. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. తెలిసినవాళ్లు వచ్చే నెల పత్రికలో రాయండి. టబ్బు జిడ్డు మూడు రోజులకు గానీ వదల్లేదు, అది కడిగింది నేనే.