ప్రశ్నలు – జవాబులు: గుర్రం మూతి చక్కబడేదెప్పుడు?

ప్రశ్న: డాక్టర్ గారూ! బీచ్‌లో పిల్లల్ని ఎక్కించి తిప్పడానికని మా బావమరిది మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో ఓ పొట్టి గుర్రాన్ని తెప్పించాడు. దారిలో మూడు రోజులూ తలపట్టీ విప్పలేదట. దిగినప్పటి నుంచి మూతి ఎడమవైపుకు వంకరపోయింది. కుడి ముక్కుపుటం తెరుచుకోవడం లేదు. తిన్న గడ్డి కుడి బుగ్గలోనే ఉండిపోతోంది, చొంగ కారుతోంది. చెవులు రెండూ ఆడిస్తోంది, కళ్లూ మూస్తోంది. పది రోజులైంది. పక్షవాతమా?
– ఒక పాఠకుడు, జంగ్లీఘాట్, శ్రీ విజయపురం

జవాబు: మూతి ఎడమకు తిరిగిందంటే చచ్చుబడింది కుడివైపు. పట్టు తప్పిన కుడి పెదవిని ఎడమ కండరాలు తమవైపు లాగేసుకుంటాయి. మీరు రాసినదాన్ని బట్టి ఇది మెదడు జబ్బులా లేదు, నరం నలిగినట్టుంది. చెవి కింద బయల్దేరే ముఖనరం దవడ కండ మీదుగా, చర్మానికి ఆనుకునే ముక్కు వైపు వస్తుంది. అక్కడ దానికి కొవ్వు దన్ను ఉండదు. తలపట్టీ కడియం గంటల తరబడి ఒత్తుకుంటే చాలు. 1821లో చార్లెస్ బెల్ ఒక గాడిదకు ఈ నరం కోసి చూస్తే, ఆ వైపు ముక్కుపుటం కదలడం మానేసింది. మనుషులకొచ్చే మూతివంకరకు ‘బెల్స్ పాల్సీ’ అనే పేరు ఆయనదే.

మీ ఉత్తరంలో మంచి కబురు చెవీ, కన్నూ. అవి పనిచేస్తున్నాయంటే దెబ్బ చెవి మొదట్లో కాదు, బుగ్గ మీది కొమ్మకే. నరం కాస్త నలిగి ఊరుకుంటే కొన్ని వారాల్లో తేరుకుంటుంది. లోపలి పోగులు తెగితే మళ్లీ పెరగాలి. ఆ పెరుగుదల రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. దెబ్బ తగిలిన చోటు నుంచి ముక్కుపుటం దాకా జానెడు దూరం ఉందనుకోండి, ఏడెనిమిది నెలలు లెక్క. అప్పటిదాకా ఆ నరం చేయాల్సిన పని మీ చేతులు చేయాలి.

ముందుగా తలపట్టీ తీసేయండి. తప్పదంటే కడియాల కింద మెత్తటి గుడ్డ చుట్టండి. ఎండుగడ్డి తగ్గించి, పచ్చగడ్డి పొట్టిగా కోసి పెట్టండి. ఉలవలు మెత్తగా ఉడికించి, చల్లార్చి, జావలా కలపండి. మేత అయ్యాక బుగ్గలో చిక్కిన ముద్దను తీసి నీళ్లతో కడగండి. లేకపోతే మన ఉక్కకు అది కుళ్లి పుండు పడుతుంది. నీళ్లు లోతైన బకెట్లో పెడితే మూతి ముంచి తాగగలుగుతుంది. పది రోజులు దాటాయి కాబట్టి ఐసు అక్కర్లేదు. గోరువెచ్చని గుడ్డతో పూటకు పది నిమిషాలు కాపి, పెదవిని వేళ్లతో మృదువుగా మర్దనా చేయండి. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వద్దు.

సవారీ మానండి. గుర్రం నోటితో ఊపిరి తీసుకోదు, ఉన్న దారల్లా ముక్కే. ఒక పుటం మూసుకుపోతే పరుగులో ఆయాసపడుతుంది. చెవి వాలినా, కన్ను మూయకపోయినా, తల ఒక పక్కకు ఒరిగినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. మూయని కన్ను ఎండి పుండు పడుతుంది.

ఇంకో మాట. మన అండమాన్ దీవుల్లో రేబిస్ లేదన్న ధీమా ఈ గుర్రం విషయంలో వద్దు. ఇది మొన్ననే మెయిన్‌ల్యాండ్ నుంచి దిగింది, రేబిస్ పైకి కనబడడానికి నెలలు పట్టొచ్చు. చొంగ కార్చే పశువు నోట్లో వట్టి చెయ్యి పెట్టకండి. పశువైద్యుడు చూసి కాదనేదాకా చేతికి తొడుగు ఉండాల్సిందే.

ప్రశ్న: మా మేకకు ఒక చెవి వాలింది, మూతి వంకరపోయింది, ఒకే వైపు గుండ్రంగా తిరుగుతోంది. పై ఇంటివాళ్లు తాడు ఒత్తుకుని ఉంటుందంటున్నారు.
– ఒక పాఠకురాలు, మాయాబందర్

జవాబు: అమ్మా, తాడు ఒత్తితే మూతి వంకరపోతుంది గానీ మేక గుండ్రంగా తిరగదు. ఇది మెదడుకు సోకే లిస్టీరియా కావచ్చు. బూజు పట్టిన, కుళ్లిన మేత నుంచి వస్తుంది. యాంటీబయాటిక్ ఇవాళే మొదలుపెడితే బతికే అవకాశం ఉంది, రేపటికి వాయిదా వేయకండి. ఆ మేతను పారేయండి. పాలు కాచి తాగండి. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లుంటే మేక దగ్గరికి వెళ్లనివ్వకండి.