కారంపొడి కంపెనీకి కరెంట్ ఖాతా

మహబూబాబాద్ మిర్చితో కారంపొడి కంపెనీ పెడదామని ముగ్గురు దోస్తులు అనుకున్నారనుకుందాం. ఒకతనిది జనగామ, అక్కడే ఉంటాడు. రెండోవాడిది మానుకోట, డాలస్‌లో ఉద్యోగం, పాస్‌పోర్టు మాత్రం ఇంకా మనదే. మూడో అమ్మాయి తల్లిదండ్రులది భూపాలపల్లి. తను అమెరికా పౌరురాలు, ఓసీఐ కార్డు ఉంది. ముగ్గురిదీ ఒకే తెలుగు. బ్యాంకుకి మాత్రం ముగ్గురూ మూడు రకాలు.

ముందు ఒక అపోహ. వాటాదారుల్లో బయటి దేశం వాళ్లుంటే కంపెనీకి ఎన్‌ఆర్‌ఓ ఖాతా తెరవాలేమో అనుకుంటారు. అక్కర్లేదు. 2013 కంపెనీల చట్టం కింద ఇక్కడ రిజిస్టరైతే అది భారతీయ కంపెనీయే, మామూలు కరెంట్ ఖాతా చాలు. (డైరెక్టర్లలో ఒక్కరైనా ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉండాలి. జనగామ దోస్తు ఉన్నాడుగా!)

మరి అన్ని కాగితాలెందుకు అడుగుతారు? ఖాతా వెనక అసలు మనుషులెవరో తెలియాలి కాబట్టి. 2023 మార్చి నుంచి కంపెనీలో 10 శాతం మించి వాటా ఉన్న ప్రతి వ్యక్తినీ బ్యాంకు అసలు యజమానిగా గుర్తించాలి. అంతకుముందు ఆ హద్దు 25. అమెరికాలో తయారైన కాగితాలకు అపోస్టిల్ ముద్ర అడుగుతారు.

అసలు చిక్కు డబ్బు వచ్చే దారిలో ఉంది. ఎన్‌ఆర్‌ఐలు, ఓసీఐ కార్డుదారులు ‘ఈ సొమ్ము తిరిగి బయటికి తీసుకెళ్లం’ అనే పద్ధతిలో పెడితే, 2019 ఫెమా నిబంధనల ప్రకారం అది దేశీయ పెట్టుబడితో సమానం. తీసుకెళ్తామంటే విదేశీ పెట్టుబడి. అప్పుడు డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లు ఇవ్వాలి, ఇచ్చిన 30 రోజుల్లో ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం రిజర్వ్ బ్యాంకుకు వెళ్లాలి. ఏ పద్ధతో మొదటి రూపాయి రాకముందే కాగితం మీద పెట్టుకోవడం నయం. ‘మా బాబాయి ఖాతా నుంచి కొట్టేస్తాలే’ అనే దోస్తును అక్కడే ఆపండి. డబ్బు పంపిన పేరు ఒకటి, షేరు మీద పేరు ఇంకొకటి అయితే బ్యాంకు వరస ప్రశ్నలు మొదలుపెడుతుంది.

ఇక ఖాట్మండులో ఉన్న పాత హాస్టల్ మిత్రుణ్ని నాలుగోవాడిగా కలుపుకుంటే కథే వేరు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ప్రెస్ నోట్ 3 ప్రకారం, మనతో భూసరిహద్దు ఉన్న దేశాల పౌరులు పెట్టుబడి పెట్టాలంటే ముందు కేంద్రం అనుమతి కావాలి. అందరూ దాన్ని చైనా కోసమే అనుకుంటారు గానీ నేపాల్ కూడా అందులోనే ఉంది. అతను వీసా లేకుండా వచ్చి మన మెస్‌లో తినగలడు. అక్కణ్నుంచి వంద రూపాయల షేరు కొనాలంటే మాత్రం ఢిల్లీకి దరఖాస్తు పెట్టాలి, అదీ అతని డబ్బు మన ఖాతాలో పడకముందే.