చేను నేర్పిన పట్టుదల



"మా కష్టం పిల్లల కంట పడకూడదు" అని మీలో చాలామంది అంటుంటారు. ప్రేమతో అనే మాటే అది. అయినా ఒక వలస కుటుంబం సంగతి వినండి.

హోసే హెర్నాండెజ్ తల్లిదండ్రులు మెక్సికో నుండి అమెరికాలోని కాలిఫోర్నియాకు వచ్చిన వ్యవసాయ కూలీలు. తండ్రి చదివింది మూడో తరగతి. 1962లో పుట్టిన హోసే కూడా సెలవు రోజుల్లో చేలో వంగి స్ట్రాబెర్రీలు, దోసకాయలు కోసేవాడు. సాయంత్రం మట్టికొట్టుకుని, అలసి కారెక్కిన పిల్లలకు తండ్రి ఒకటే చెప్పేవాడు: చదువుకోకపోతే మీ బతుకూ ఇంతేనని. పన్నెండేళ్ళు వచ్చేదాకా ఆ అబ్బాయికి ఇంగ్లీషు సరిగా రాదు.

కష్టం చూపిస్తే చాలునా? చాలదు. పంటల వెంట తిరుగుతుంటే పిల్లల చదువు తెగిపోతోందని రెండో తరగతి టీచరు నచ్చజెప్పగా, ఆ దంపతులు స్టాక్‌టన్ పట్టణంలో స్థిరపడ్డారు. కూలి ఎక్కడుంటే అక్కడికి పోయేవారికి ఇది చిన్న నిర్ణయమా? నా మట్టుకు, ఈ కథలో అన్నిటికంటే పెద్ద త్యాగం ఇదే.

హోసే ఇంజనీరయ్యాడు. వ్యోమగామిగా చేరాలని నాసాకు దరఖాస్తు పెడితే 11 సార్లు కాదన్నారు. 12వ సారి, 2004లో, తీసుకున్నారు. 2009 ఆగస్టులో డిస్కవరీ నౌకలో అంతరిక్షానికి వెళ్ళాడు. ఒక చేను ముగియగానే ఇంకో చేనుకు నడిచిన వారి బిడ్డ కదా!

మన విచారణల్లోనూ వలసపోయి రెక్కలు ముక్కలు చేసుకునేవారున్నారు. ఈ వేసవిలో మీ పిల్లవాణ్ణి ఒక్కరోజు మీ పనిచోటికి తీసుకువెళ్ళండి. పనికి పెట్టవద్దు, చూడనివ్వండి. బడి తెరిచే రోజుకు మాత్రం వాడు పుస్తకాలతో తరగతిలో ఉండాలి.